పైసలు మనవే, మరి పుస్తకం ఎవరిది?
ప్రచురణ సంస్థ తోడ్పాటుతో సొంతంగా పుస్తకం వేసుకోవడం గురించి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల దళితవాడల్లో రాతకు కొదవ లేదు. పాటలు రాసుకున్న నోటుబుక్కులున్నయి. సభల కోసం తయారుచేసుకున్న ఉపన్యాసాలున్నయి. విశ్వవిద్యాలయానికి ఒప్పజెప్పినంక బీరువాలో పడ్డ పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలున్నయి. సింగరేణి బాయిల్లో పనిచేసి దిగిపోయిన కార్మికుల జ్ఞాపకాలున్నయి. ముసలవ్వలు చెప్పంగ క్యాసెట్లో, ఇప్పుడైతే ఫోన్లో పట్టిపెట్టిన కతలున్నయి. వీటిలో పుస్తకాలైనవి తక్కువ. పుస్తకాలైన వాటిలో కూడా అన్నీ మన చేతిలో లేవు. కొన్నింటికి పైసలు మనోళ్లే పెట్టుకున్నరు, హక్కు మాత్రం వేరేవాళ్ల దగ్గర ఉంది. కొన్ని అచ్చయి అటకెక్కి చెదలు పట్టినయి.

ఇది సాహిత్యానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. ఏది అచ్చయితే అదే రేపటికి ఆధారమైతది. అచ్చు కానిది ఇంకెవరి పరిశోధనలోనో ‘సమాచారం’గా మిగులుతది. అందుకే పుస్తకం వేసే పద్ధతి గురించి, అందులో ఉండే లెక్కల గురించి, మోసపోయే తావుల గురించి మనం వివరంగా మాట్లాడుకోవాల్సి ఉంది. రచనను మెచ్చుకునే సమీక్షలు మన పత్రికల్లో చాలా వస్తయి. ఆ రచన పుస్తకంగా ఎట్లా తయారైతదో చెప్పేవి అరుదు.

మూడు దారులు

పుస్తకం రావడానికి మూడు దారులున్నయి. మొదటి దారిలో ప్రచురణ సంస్థ రచనను ఎంపిక చేసుకుంటది, ఖర్చు తనే పెట్టుకుంటది, రచయితకు రాయల్టీ ఇస్తది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు ఈ దారిలో దళిత రచనలకు చోటిచ్చినయి. 1921 నుంచి 2002 దాకా వచ్చిన దళిత స్త్రీల సాహిత్యాన్ని గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ ఆ సంస్థ నుంచే వచ్చింది. అయితే ఈ దారి ఇరుకైనది. ఎంపిక చేసేవాళ్లు ఎవరు, వాళ్ల కంటికి ఏది సాహిత్యంగా ఆనుతది అన్నది కులంతో ముడిపడ్డ ప్రశ్న. సంస్థ మంచిదే అయినా ఏడాదికి వేసే పుస్తకాలు కొన్నే. వరుసలో ఎదురుచూసే రాతప్రతులు చాలా.

రెండో దారిలో రచయిత తనే టైపు చేయించుకొని, తనే ప్రెస్సుకు పోయి అచ్చేయించుకుంటడు. తెలుగులో కవిత్వ సంపుటాలు చాలావరకు ఇట్లనే వచ్చినయి. స్వేచ్ఛ పూర్తిగా ఉంటది. కాని ప్రూఫులు దిద్దేవాళ్లు ఉండరు, కవరు అందుబాటులో ఉన్నవాళ్లు వేస్తరు, ఆవిష్కరణ సభ రోజు పంచిన పుస్తకాలు పోను మిగతావి ఇంట్లనే ఉంటయి.

మూడో దారి ఈ రెండింటికి నడుమ ఉంటది. పెట్టుబడి, హక్కు, నిర్ణయం రచయితవి లేదా రచయితను నిలబెట్టే సంఘానివి. సంపాదకత్వం, పేజీల కూర్పు, అచ్చు, పంపిణీలో అనుభవమున్న ప్రచురణ సంస్థ తన పనితనాన్ని ఇస్తది, దానికి ప్రతిఫలం తీసుకుంటది. ఈ వ్యాసం ఈ మూడో దారి గురించే. ఇది సక్రమంగా నడిస్తే మనకు పనికొచ్చే దారి. అడ్డంగా నడిస్తే పైసలిచ్చి మరీ మన రచనను పరాధీనం చేసుకునే దారి. తేడా ఎక్కడ వస్తదో తెలుసుకోవాలె.

బాబాసాహెబ్ అచ్చుపని

సొంత ప్రచురణ అనంగనే ‘ఎవరూ వెయ్యకపోతే తనే వేసుకున్నడు’ అనే చిన్నచూపు ఒకటుంది. ఆ చిన్నచూపును మనం నమ్మాల్సిన పని లేదు. దళిత ఉద్యమంలో అత్యంత ప్రభావం చూపిన పుస్తకాల్లో ఒకటి సొంతంగా వేసుకున్నదే.

లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ 1936లో జరుపుకోవాల్సిన తన సభకు డాక్టర్ అంబేడ్కర్‌ను అధ్యక్షుడిగా పిలిచింది. ఉపన్యాస ప్రతి చూసినంక మండల్ వాళ్లకు భయం పట్టుకుంది. కొన్ని భాగాలు తీసెయ్యమని అడిగారు. ఒక్క కామా కూడా మార్చేది లేదని బాబాసాహెబ్ జవాబిచ్చారు. సభ రద్దయింది. ఆ ఉపన్యాసాన్ని ఆయన 1936 మే నెలలో సొంత ఖర్చుతో పుస్తకంగా తెచ్చారు. అదే ‘కుల నిర్మూలన’. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయినయని 1937 నాటి రెండో కూర్పు ముందుమాటలో ఆయనే చెప్పుకున్నారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. అచ్చుపని బొంబాయిలో బాబాసాహెబ్ చేతుల మీదుగా నడిచింది. అది పిలిచినవాళ్ల చేతుల్లోనే ఉండి ఉంటే, సభతో పాటు పుస్తకం కూడా ఆగిపోయేది. లేకుంటే కత్తిరించిన పుస్తకం వచ్చేది. అచ్చు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ల చేతిలో ఉంటదని ఆయనకు అంతకు ముందే తెలుసు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టినప్పుడు కొల్హాపూర్ షాహూ మహరాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. పైసలు తీసుకొని ఆ పత్రిక ప్రకటన వెయ్యడానికి కూడా ‘కేసరి’ ఒప్పుకోలేదు.

ఇరవై ఏండ్ల తర్వాత ఇంకో అనుభవం చూడండి. ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’ అచ్చుకు దాదాపు 20,000 రూపాయలు ఖర్చవుతదని, గ్రంథాలయాల కోసం ఓ 500 ప్రతులు కొనమని 1956 సెప్టెంబరు 14న బాబాసాహెబ్ ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. మర్నాడే జవాబొచ్చింది, కుదరదని. అప్పటికి ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి, కేంద్రంలో న్యాయశాఖ మంత్రిగా చేసిన మనిషి. ఆ పుస్తకం ఆయన కన్నుమూసినంక 1957లో సిద్ధార్థ్ కాలేజీ ప్రచురణగా వచ్చింది. సిద్ధార్థ్ కాలేజీ ఆయన నెలకొల్పిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీదే. అంటే చివరికి ఆదుకున్నది సొంత సంస్థే. రాయడం ఎంత ముఖ్యమో, అచ్చుకు పైసలు ఎక్కణ్ణుంచి వస్తయి, ప్రతులు ఎవరు కొంటరు అని ముందే చూసుకోవడం కూడా అంతే ముఖ్యమని ఈ రెండు సందర్భాలు చెప్తయి.

ఇనుగుర్తి అచ్చు, చేర్యాల పటం

మన ప్రాంతానికి వద్దాం. మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి నుంచి 1922 ఆగస్టు 27న ‘తెనుగు’ పత్రిక వెలువడింది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు నిజాం పాలన కాలంలో ఒక పల్లెలో అచ్చు యంత్రం పెట్టుకొని ఈ పని చేశారు. తెలంగాణ పత్రికా చరిత్రలో దానికి గౌరవమైన చోటుంది, ఉండాలె కూడా. కాని మనం అడగాల్సిన ప్రశ్న వేరే. ఊరికి అచ్చు యంత్రం వచ్చి నూరేండ్లు దాటింది, అది వాడకు ఎందుకు రాలేదు? తెలివి లేక కాదు. భూమి, బడి, తీరిక ఉన్నవాళ్లకే యంత్రం అందింది. అక్షరమే అందకుండా చేసిన వాడకు అచ్చు ఎట్లా అందుతది? హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టగలిగారంటే, దాని వెనుక 1906లో ‘జగన్ మిత్ర మండలి’తో మొదలుపెట్టి పాతికేండ్లు కట్టిన సంఘం ఉంది.

ఇంకో సంప్రదాయం కూడా మన దగ్గరే ఉంది. జనగామ పక్కనే ఉన్న చేర్యాల నకాషీ పటాలకు పేరు పొందింది. ఆ ఊరు 2016 దాకా వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. డక్కలోళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్తరు. కూనపులోళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తరు. కాకిపడగలోళ్లు ముదిరాజులకు పాండవుల కత చెప్తరు. వీళ్లంతా తమ కతకు తగ్గ పటాన్ని నకాషీ కళాకారులతో గీయించుకుంటరు. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం రావాలెనో చెప్పేది కత తెలిసినవాళ్లు. గీత, రంగు నకాషీవాళ్ల పనితనం. గీసినందుకు వాళ్లకు ముట్టాల్సింది ముడతది. పటం మాత్రం కత చెప్పేవాళ్లతో పోతది, దాన్ని పట్టుకొని ఊర్లు తిరిగే హక్కు వాళ్లదే.

ప్రచురణ సంస్థతో మన సంబంధం ఇట్లనే ఉండాలె. పనితనానికి గౌరవం ఇవ్వాలె, కూలి ఇవ్వాలె. పటాన్ని మాత్రం వదిలిపెట్టరాదు.

ఎవరి పని ఏది

రాతప్రతి పుస్తకం కావడంలో ఉండే పనులు ఇవి: టైపు చెయ్యడం, సంపాదకత్వం, ప్రూఫులు దిద్దడం, పేజీలు కూర్చడం, కవరు, ఐఎస్‌బిఎన్ నంబరు, కాగితం ఎంపిక, అచ్చు, బైండింగు, పంపిణీ. సంస్థతో మాట్లాడేటప్పుడు ‘అంతా కలిపి ఇంత’ అనే లెక్క ఒప్పుకోవద్దు. ఒక్కో పనికి ఎంతో విడివిడిగా రాయించుకోవాలె. అప్పుడే వేటిని మనం చేసుకోగలమో తెలుస్తది. మూడు ప్రూఫుల్లో రెండు మన టీచర్లు, విద్యార్థులు దిద్దగలరు. మూడోది మాత్రం ఆ రచనను ఇంతకు ముందు చదవని మనిషితో దిద్దించాలె. రాసిన మనిషి కంటికి సొంత తప్పులు కనబడవు.

తెలుగు పుస్తకాలు ఎక్కువగా 1/8 డెమ్మీ సైజులో వస్తయి. 16 పేజీలను ఒక ఫారం అంటరు. 128 పేజీలంటే ఎనిమిది ఫారాలు. రాతప్రతి 130 పేజీలైతే ఆ రెండు పేజీల కోసం ఖర్చు పెరుగుతది. కాబట్టి పేజీలు కూర్చేటప్పుడే ఫారాల లెక్క చూసుకోవాలె.

ఆఫ్‌సెట్ అచ్చులో ముందు ప్లేట్ల ఖర్చు ఉంటది, ప్రతులు పెరిగినకొద్దీ ఒక్కో ప్రతికయ్యే ఖర్చు తగ్గుతది. డిజిటల్ అచ్చులో ప్లేట్లు లేవు, వంద ప్రతులు కూడా వేసుకోవచ్చు, కాని ఒక్కో ప్రతి ఖర్చు పెద్దగా తగ్గదు. ‘వెయ్యి వేస్తే చవక’ అన్న మాట నిజమే. అమ్ముడుపోతేనే అది చవక. ముందు రెండు మూడు వందలు డిజిటల్‌లో వేసి, అడిగేవాళ్లను బట్టి తర్వాత ఆఫ్‌సెట్‌కు పోవడం మనలాంటి వాళ్లకు మేలు.

ఐఎస్‌బిఎన్ గురించి చాలా అపోహలున్నయి. మన దేశంలో దాన్ని కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తది. రచయిత కూడా తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికోసం వేలు అడిగేవాళ్లుంటే అడగండి, దేనికని. నంబరు ఎవరి పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్తగా వాళ్లే నమోదైతరు. ఇంకోటి, ఐఎస్‌బిఎన్‌కూ కాపీరైటుకూ సంబంధం లేదు. అది పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు మాత్రమే.

ఫైళ్ల సంగతి అన్నింటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేది కూడా ఇదే. డిటిపి సెంటర్లలో అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసిన పని ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. అందులో మాట వెతకడం, వేరే చోట వాడుకోవడం కష్టం. యూనికోడ్‌లో చేసిన పాఠం ఎక్కడైనా తెరుచుకుంటది. కాబట్టి పైసలు పూర్తిగా చెల్లించే ముందు మూడు ఫైళ్లు చేతికి తీసుకోవాలె: యూనికోడ్‌లో మొత్తం పాఠం, పేజీలు కూర్చిన అసలు ఫైలు, అచ్చుకు పంపిన పిడిఎఫ్. కవరుకు కూడా అంతే. ఈ ఫైళ్లు లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ మొదటి నుంచి టైపు చేయించుకోవాలె, లేదా ఆ సంస్థ గడప దగ్గరే నిలబడాలె.

ఒప్పంద కాగితం

‘తెలిసినోళ్లే గదా, కాగితం ఎందుకు’ అని మొహమాటపడతం. తెలిసినోళ్లతోనే కాగితం ఉండాలె, స్నేహం నిలబడాలంటే.

1957 కాపీరైటు చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. హక్కు వేరేవాళ్లకు పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలె. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో ఉండాలె. కాలం రాయకపోతే అయిదేండ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటది. తీసుకున్న హక్కును ఏడాది లోపల వాడకపోతే, ఒప్పందంలో వేరే విధంగా లేకుంటే, అది రచయితకు తిరిగొస్తది. రచయిత బతికున్నంత కాలం, చనిపోయినంక 60 ఏండ్లు కాపీరైటు ఉంటది. అంటే ఇయ్యాల మనం పెట్టే సంతకం మన మనవల దాకా పోతది. కాపీరైటు రిజిస్టరు చేయించుకోకున్నా హక్కు ఉంటది.

పెట్టుబడి మనదైనప్పుడు సంస్థకు హక్కులు రాసివ్వాల్సిన అవసరమే లేదు. ఈ ముద్రణలోని ఇన్ని ప్రతులను ఇంత కాలం పంపిణీ చేసే అనుమతి ఇస్తే చాలు. ఈబుక్కు, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు రచయితవేనని ఒక వాక్యం రాయించుకోవాలె. ‘సమస్త హక్కులు ప్రచురణకర్తవి’ అనే అచ్చు వాక్యం అలవాటుగా వచ్చి లోపలి పేజీలో కూర్చుంటది. ఆ పేజీ ప్రూఫు కూడా అడిగి చూడాలె.

ఎన్ని ప్రతులు అచ్చయినయో తేల్చుకోవడానికి ప్రెస్సు బిల్లు, బైండింగు నుంచి వచ్చిన చలానా నకళ్లు అడగాలె. అయిదు వందలకు పైసలు తీసుకొని వంద వేసి, ‘మిగతావి గోదాములో ఉన్నయి’ అంటే మనకు తెలిసేదెట్లా? సంస్థ దగ్గర ఉన్న ప్రతుల లెక్క ఆర్నెల్లకోసారి ఇవ్వాలె. ఒప్పందం ముగిస్తే మిగిలిన ప్రతులు ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో తిరిగి రావాలెనో కూడా రాసుకోవాలె.

వాడలో సేకరించిన పాటలు, కతల విషయంలో ఇంకో బాధ్యత ఉంది, అది మన మీదనే. పాడిన మనిషి పేరు, ఊరు పుస్తకంలో ఉండాలె, ఆమె ఒప్పుకోలు తీసుకోవాలె, ప్రతులు ఆమెకు ముట్టాలె. అగ్రకుల పరిశోధకులు మన పెద్దల నోటి నుంచి తీసుకొని ‘సేకరణ’ అని తమ పేరు పెట్టుకున్నరని మనం అంటం. అదే పని మన చదువుకున్నోళ్లు చేస్తే వేరే పేరు పెట్టలేం. చట్టం కూడా ప్రదర్శన ఇచ్చిన కళాకారులకు ఆ ప్రదర్శన మీద 50 ఏండ్ల హక్కును గుర్తించింది.

భాష, ముందుమాట

సంపాదకుడు లేని పుస్తకం పాఠకుడికి కష్టం. పాఠం చేసే సంపాదకుడు రచయితకు కష్టం. ‘కైకిలి’ని ‘కూలి’ అని, ‘గోస’ను ‘బాధ’ అని, ‘ఇగురం’ను ‘నేర్పు’ అని మార్చితే అర్థం దగ్గరదగ్గరగానే ఉన్నట్టు కనిపిస్తది. కాని ఆ మాట పుట్టిన పని, ఆ పని చేసిన చేతులు పుస్తకంలోంచి పోతయి. ఇట్లాంటి దిద్దుబాటును ‘శుద్ధి’ అంటరు. ఆ మాటకు మన బతుకుల్లో ఉన్న అర్థం మనకు తెలియంది కాదు.

దీనికి పోట్లాట కన్నా ముందుచూపు మేలు. రాతప్రతితో పాటు మాటల పట్టిక ఒకటి ఇవ్వాలె. ఇవి మార్చరాదు, వీటి రాతతీరు ఇదీ అని. ‘చేసిండు’, ‘చేసినాడు’ రెండూ వస్తే ఏది ఎక్కడ ఉండాలెనో రచయితే తేల్చాలె. అప్పుడు సంపాదకుడికి కూడా ఏది రచయిత ఎంపికో, ఏది పొరపాటో తెలుస్తది. మార్పులన్నీ రచయిత చూసి ఒప్పుకున్నంకనే పేజీల కూర్పు మొదలుకావాలె. రచనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద రచయితకు ఉంది. హక్కులు అమ్ముకున్నా కూడా అది పోదు.

ముందుమాట ఎవరు రాయాలె అన్నది చిన్న విషయం కాదు. 2014లో నవయాన సంస్థ ‘కుల నిర్మూలన’ను అరుంధతీ రాయ్ పెద్ద ముందుమాటతో ఆంగ్లంలో తెచ్చినప్పుడు చాలామంది దళిత రచయితలు, కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. బాబాసాహెబ్ పుస్తకానికి తలుపు దగ్గర వేరేవాళ్లు ఎందుకు నిలబడాలె అన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. ఆ చర్చలోని వ్యాసాలను 2015లో ద షేర్డ్ మిర్రర్ పుస్తకంగా వేసింది. అభ్యంతరం కూడా సొంత ప్రచురణ ద్వారానే నిలిచిందన్నమాట. పేరున్న ముందుమాట ఉంటే అమ్మకం పెరుగుతదని సంస్థ చెప్పొచ్చు. ఆ పేరు మన రచనను పరిచయం చేస్తుందా, మన తరఫున మాట్లాడుతుందా అని చదివి చూసి ఒప్పుకోవాలె.

పైసల లెక్క

అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. ఇవి బజారు రేట్లు కావు, లెక్క తేలికగా ఉండటానికి తీసుకున్న అంకెలు. 500 ప్రతులకు మొత్తం ఖర్చు 50,000 రూపాయలు అనుకుందాం. ఒక్కో ప్రతికి 100 పడ్డది. వాడలో కొనగలగాలె గదా అని వెల 150 పెట్టినం. దుకాణం 40 శాతం కమిషన్ తీసుకుంటే మన చేతికి వచ్చేది 90. అంటే దుకాణంలో అమ్మిన ప్రతి పుస్తకానికి పది రూపాయలు నష్టం. 50 ప్రతులు ఉచితంగా పోను మిగతా 450 దుకాణాల్లోనే అమ్ముడుపోయినా 40,500 వస్తయి. బాగా అమ్ముడుపోయిన పుస్తకమే 9,500 నష్టం తెస్తది.

ఇంకో తీరు చూద్దాం. 250 ప్రతులు మన చేతుల మీదుగా 150 చొప్పున అమ్మినం, 37,500 వచ్చినయి. 150 ప్రతులు దుకాణాలకు పోయినయి, 13,500 వచ్చినయి. మొత్తం 51,000. 50 ఉచిత ప్రతులు ఇచ్చినంక ఇంకా 50 మన దగ్గర ఉన్నయి. పెట్టుబడి తిరిగొచ్చింది, రెండో పుస్తకానికి దారి పడ్డది. వెల పెంచకుండా నష్టం తప్పించింది ఏది? చేతి అమ్మకమే. కాబట్టి ప్రచురణ సంస్థ ‘పంపిణీ మొత్తం మాకే ఇవ్వాలె’ అంటే ఒప్పుకోవద్దు. సగం ప్రతులైనా మన దగ్గర ఉండాలె, మనం అమ్ముకునే వాటి మీద సంస్థకు కమిషన్ ఉండకూడదు.

పెట్టుబడి ఒక్కడి మెడకు చుట్టుకోవద్దు. రచయిత అప్పు తెచ్చి, భార్య పుస్తెలు కుదువబెట్టి పుస్తకం వెయ్యడాన్ని మనం త్యాగంగా పొగడటం మానుకోవాలె. అచ్చుకు ముందే వెల చెల్లించే వంద మంది పేర్లు రాసుకుంటే, రసీదు ఇస్తే, పై లెక్కలో 15,000 ముందే చేతికొస్తయి. అంతకన్నా ముఖ్యంగా, పుస్తకానికి వంద మంది పాఠకులు పుట్టకముందే ఉంటరు. వంద పేర్లు కూడకపోతే ప్రతులు తగ్గించుకోవాలని ముందే తెలుస్తది.

పుస్తకం ఎటు పోవాలె

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఇప్పటికీ తెలంగాణలో సామాజిక పుస్తకాలకు పెద్ద బజారు దుకాణం కాదు, సభ. ఏప్రిల్ 14, డిసెంబరు 6, జనవరి 3 సావిత్రీబాయి జయంతి, టీచర్ల సంఘాల సభలు, డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, ఇవన్నీ ముందే గుర్తుపెట్టుకొని అచ్చు తేదీ పెట్టుకోవాలె. జనగామ, మహబూబాబాద్‌లకు రైలుంది. భూపాలపల్లికి పరకాల మీదుగా బస్సే దిక్కు. కాబట్టి కట్టలన్నీ ఒకే చోట దింపుకోకుండా మూడు చోట్లా బాధ్యులను పెట్టుకోవాలె.

టపా సంగతి కూడా తెలుసుకోవాలె. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తేసింది. 2025 మే 1 నుంచి విద్య, సంస్కృతి, సమాజానికి సంబంధించిన పుస్తకాలకు ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చింది. మొదలైనప్పటి రేటు పన్నులు కాకుండా 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు. దీనికి పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలె. 1867 నాటి చట్టం కింద ఈ పేర్లు వెయ్యడం తప్పనిసరిగా ఉండేది. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1న అమలులోకి వచ్చి దాన్ని రద్దు చేసింది, పుస్తకాలను తన పరిధిలోకి తీసుకోలేదు. అయినా పేర్లు, ఊరు, సంవత్సరం వెయ్యడం మానొద్దు.

గ్రంథాలయాలు మన హక్కు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతది, వాడ ఇండ్ల నుంచి కూడా. ఆ పైసలతో నడిచే జిల్లా గ్రంథాలయంలో వాడ పుస్తకం ఎందుకు ఉండదని అడగాలె. జిల్లా గ్రంథాలయ సంస్థకు, గురుకుల పాఠశాలలకు, డిగ్రీ కాలేజీలకు ఉత్తరాలు పెట్టాలె, పెట్టిన ఉత్తరాల నకళ్లు దాచాలె. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడ్డ 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కోటి సొంత ఖర్చుతో పంపాలె. నాలుగు ప్రతులు దండుగ అనుకోవద్దు. అటక మీది ప్రతులను చెదలు తింటయి. అక్కడి ప్రతి యాభై ఏండ్ల తర్వాత మన పిల్లలు పరిశోధన చేసేటప్పుడు దొరుకుతది.

ముందుగా చెయ్యదగ్గది

ఒక్కో రచయిత ఒక్కో సంస్థ ముందు ఒంటరిగా నిలబడితే బేరం సంస్థ చేతిలోనే ఉంటది. మూడు జిల్లాల మిత్రులు కలిసి ఒకే ప్రచురణ పేరు పెట్టుకోవచ్చు. ఒకే ఒప్పంద నమూనా తయారుచేసుకోవచ్చు. ఫైళ్లు దాచే చోటు ఒకటి, ప్రతుల రిజిస్టరు ఒకటి, రసీదు పుస్తకం ఒకటి ఉండాలె. రెండు మూడు పుస్తకాలకు కలిపి మాట్లాడితే సంస్థ కూడా వింటది. ప్రూఫులు దిద్దే పని నలుగురు విద్యార్థులు నేర్చుకుంటే, కొన్నేండ్లకు వాళ్లే సంపాదకులైతరు. మనకు బయటి సంస్థ తోడ్పాటు కావాలె, ఎల్లకాలం దాని మీద ఆధారపడటం వద్దు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలె అన్నదానికి ఒక సూచన. యువకవి సంపుటం కొంచెం ఆగగలదు. ఎనభై ఏండ్ల మనిషి నోట్లో ఉన్న కత ఆగలేదు. ముందు అది అచ్చు కావాలె, ఆమె పేరు మీద, ఆమె చూస్తుండంగ.